‘సీరియలైజ్’కు తెలుగు మాట ఏది?

పాఠం రాస్తున్నవాడు:
సి అనే ప్రోగ్రామింగ్ భాషలో అర్రేను, అంటే ఒకే రకం విలువల వరుసను, ఫైల్లోకి రాసి తిరిగి చదవడం గురించి తెలుగులో పాఠం రాస్తున్నాను. మొదటి వాక్యంలోనే చిక్కుపడ్డాను. అర్రేను ‘శ్రేణి’ అన్నాను. మెమరీలో ఉన్నదాన్ని ఫైల్లో దాచగలిగే రూపంలోకి మార్చడాన్ని, అంటే సీరియలైజ్ చేయడాన్ని, ‘శ్రేణీకరణ’ అన్నాను. రెండూ కలిసి ‘శ్రేణి శ్రేణీకరణ’ అయ్యాయి, చదివితే నాకే నవ్వొచ్చింది. ‘ధారావాహిక’ అంటే వారపత్రిక గుర్తొస్తుంది. దాన్ని తిరిగి మెమరీలోకి తెచ్చే డీసీరియలైజ్‌కు కూడా జంటగా కుదిరే మాట కావాలి. పెద్దలు సాయం చేయాలి.

సూటిమాట:
మూట కట్టడం, మూట విప్పడం. ఇంతకంటే ఆలోచించడానికి ఏముంది?

పద్యప్రియ:
మూటలో ముందూ వెనకా ఉండవండీ. ఇక్కడ వరుసే ప్రాణం కదా. ‘గుదిగుచ్చడం’ నయం.

పాత సి రాతగాడు:
వరుసే ప్రాణమంటే నేను ఒప్పుకోను. 32 బిట్ల పూర్ణాంకాల అర్రే మెమరీలో ఎలాగూ వరుసగానే ఉంటుంది. నాలుగు అంకెలైతే పదహారు బైట్లు, ఒకదాని పక్కన ఒకటి. గుచ్చడానికి అక్కడ పని మిగలలేదు. అసలు పని వేరే.

మొదటిది, పొడవు. సి భాషలో అర్రేను ఫంక్షన్‌కు ఇచ్చామంటే అందేది దాని మొదటి గది చిరునామా మాత్రమే. ఎన్ని గదులున్నాయో ఆ చిరునామా చెప్పదు. కాబట్టి ఫైల్లో ముందు లెక్క రాసి, ఆ తర్వాత విలువలు రాయాలి. రెండోది, పాయింటర్లు, అంటే మెమరీలోని చోట్ల చిరునామాలు. కొత్తలో నేను మాటల జాబితా ఒకటి ఇలాగే దాచాను. అర్రేలోని ప్రతి గదిలో ఉన్నది మాట కాదు, మాట ఉన్న చోటు చిరునామా. నేను ఆ చిరునామాలనే ఫైల్లోకి రాసి, అదే ప్రోగ్రాం నడుస్తుండగా తిరిగి చదివి చూసుకున్నాను. మాటలు చక్కగా వచ్చాయి. రావా మరి, అవి మెమరీలోంచి ఇంకా కదలలేదు! ప్రోగ్రాం ఆపి మళ్ళీ నడిపితే కుప్పకూలింది. ఆ చిరునామాల్లో అప్పుడు ఎవరూ కాపురం లేరు.

అందుకే నాకు ‘ఏకరువు పెట్టడం’ అనే మాట నచ్చుతుంది. ‘కష్టాలన్నీ ఏకరువు పెట్టాడు’ అంటాం. అంటే ఒకదాని తర్వాత ఒకటిగా, వినేవాడికి ముందే ఏదో తెలుసని అనుకోకుండా, అంతా బయటపెట్టడం. ‘అది అక్కడుంది చూసుకో’ అంటే ఏకరువు కాదు.

పద్యప్రియ:
మంచి మాట తీశారు, నా గుదిగుచ్చడాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. లెక్క ముందు రాయాలన్నారు కదా, పద్యానికి ఆ అవసరం లేదు. తాళపత్రాల్లో పద్యాన్ని పాదానికొక వరుసగా విడగొట్టకుండా ఆకు పొడవునా ఏకబిగిన రాసేవారు. అయినా చదివేవారు తడబడరు. అది ఉత్పలమాల అని తెలిస్తే చాలు, పాదానికి 20 అక్షరాలు. చంపకమాలకు 21. కొలత ఛందస్సులోనే ఉంది.

ఛందస్సు లేనిచోటే తంటా. ‘సదానందం’ విడదీయండి. సదా + ఆనందం అవుతుంది, సత్ + ఆనందం కూడా అవుతుంది. అక్షరాలు అవే, వెనక్కి వెళ్ళే దారులు రెండు.

పాత సి రాతగాడు:
అదే మా గొడవ. 1, 23 అని రెండు విలువలను మధ్యలో గుర్తేమీ లేకుండా అంకెలుగా రాస్తే 123. చదివేవాడు 12, 3 అనుకోవచ్చు.

సూటిమాట:
సరే, ఏకరువుకు తిరుగుమాట ఏది? ‘ఏకరువు విప్పడం’ అనలేం కదా.

పాత సి రాతగాడు:
విప్పడం అసలు వద్దు. ఇది ఉన్నదాన్ని విడదీయడం కాదు. ఫైల్లోని లెక్క చదివి, అంత మెమరీ కొత్తగా అడిగి, ఒక్కొక్క విలువనూ దాని గదిలో పెట్టాలి. అంటే మళ్ళీ కట్టడం. పైగా ఆ లెక్కను గుడ్డిగా నమ్మకూడదు. ఎవరో 1,07,37,41,824 అని రాసి పంపారనుకోండి. దాన్ని నాలుగుతో హెచ్చిస్తే 32 బిట్లలో పట్టదు, సున్నా మిగులుతుంది. సున్నా బైట్లు అడిగి వంద కోట్ల పైచిలుకు విలువలు అందులో పోయడం మొదలుపెడతాం. ‘తిరిగి కూర్చడం’ అంటే ఈ బాధ్యత మాటలోనే వినిపిస్తుంది.

పాఠం రాస్తున్నవాడు:
ఇలా రాశాను: ‘అర్రేను పొడవుతో సహా ఏకరువు పెట్టి ఫైల్లో దాస్తాం. చదివేటప్పుడు పొడవు సరిచూసుకుని తిరిగి కూర్చుకుంటాం.’ సీరియలైజ్ అనే మాటను మొదట ఒకసారి చెప్పి వదిలేశాను. ఇక మిగిలింది ఒకటే. ఒక యంత్రం 1ని 1, 0, 0, 0 అనే బైట్లుగా దాస్తుంది. బైట్లను తలకిందుల వరుసలో చదివే ఇంకో యంత్రానికి అది 1,67,77,216 అవుతుంది. ఈ రెండు వరుసలకు పేర్లు కావాలి. మొదటి వరుసైన లిటిల్ ఎండియన్‌ను ‘చిన్న కొసవాదం’ అని ఎక్కడో చూశాను, నోరు తిరగలేదు.

పద్యప్రియ:
దీనికి మనవాళ్ళు ఎప్పుడో సూత్రం చెప్పుకున్నారు: ‘అంకానాం వామతో గతిః’. అంకెల నడక ఎడమకు. ‘నేత్ర వేద’ అంటే నేత్రాలు 2, వేదాలు 4, కాని సంఖ్య 24 కాదు, 42. మొదట చెప్పింది ఒకట్ల స్థానంలోకి పోతుంది. సంస్కృతంలో ఏకవింశతి కూడా అంతే, ఒకటి ముందు, ఇరవై తర్వాత. తెలుగులో ఇరవై ఒకటి. ఒకే ఇంట్లో రెండు పద్ధతులూ వింటూనే ఉన్నాం.

సూటిమాట:
అయితే బడిలో నేర్చుకున్న మాటలే చాలు. ‘చిన్న స్థానం ముందు’, ‘పెద్ద స్థానం ముందు’. ఈసారైనా నా మాట నెగ్గనివ్వండి.

పాఠం రాస్తున్నవాడు:
నెగ్గింది. పాఠంలో చేర్చేశాను.