జిమ్ రీవ్స్ గ్రేటెస్ట్ హిట్స్: ఏ సెట్ పెట్టుకోవాలి?

పర్లాకిమిడి మైక్‌సెట్:
అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడిలో మైక్‌సెట్ షాపు. పెళ్ళిళ్ళు, చవితి పందిళ్ళు ఎలాగూ ఉంటాయి. డిసెంబర్ వచ్చిందంటే మాత్రం క్రిస్మస్ గిరాకీయే గిరాకీ. ఇటు ఆర్. ఉదయగిరి, మోహన దాకా, అటు పాతపట్నం దాకా మా సామాను వెళ్తుంది. కుర్రాళ్ళు తెలుగు, ఒడియా, సవర పాటలు అడుగుతారు. పెద్దవాళ్ళు మాత్రం నా దగ్గరికొచ్చి మెల్లిగా, "జిమ్ రీవ్స్ ఉందా బాబూ?" అంటారు. ఆ అమెరికా కంట్రీ (అక్కడి పల్లె బాణీ పాటలు) సింగర్‌కి మా ఏజెన్సీ ఊళ్ళలో ఇంత గిరాకీ ఎందుకుందో ఆయనకే తెలీదు పాపం.

మా నాన్నగారి క్యాసెట్‌లో టేపు పాడైపోయింది. ఈమధ్య 2 సీడీల గ్రేటెస్ట్ హిట్స్ ఒకటి కొని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాను. అక్కడే టెన్షన్ మొదలైంది. కొన్ని పాటల్లో క్యాసెట్‌లో లేని వయొలిన్లు వినిపిస్తున్నాయి. "హావ్ యూ ఎవర్ బీన్ లోన్లీ"లో అయితే ఏకంగా ఎవరో ఆడమనిషి కలిసి పాడుతోంది! మా క్యాసెట్‌లో ఆయన ఒక్కడే పాడేవాడు. రిసెప్షన్‌లో ఒక రిటైర్డ్ మాస్టారు విని, "ఇది నేను విన్న పాట కాదోయ్" అని కుర్చీ లోంచి లేచొచ్చారు.

ఒక్క మంచి సెట్ చెప్పండి. ఇంకో సంగతి, ఆయన గొంతు హారన్లలో పలచగా వస్తోంది. బాక్సుల్లో బాగానే ఉంది.

రాయగడ రిటైర్డ్ గార్డు:
బాబూ, మీ మాస్టారి చెవులు బాగానే ఉన్నాయి. నేను వాల్తేరు డివిజన్‌లో గార్డుగా చేశాను. రైల్వే కాలనీలో ఆంగ్లో ఇండియన్ డ్రైవర్ల ఇళ్ళలో ఈయన రికార్డులు అరిగేదాకా విన్నవాణ్ణి.

జిమ్ రీవ్స్ 1964 జూలై 31న పోయాడు. సొంతంగా చిన్న విమానం నడుపుకుంటూ నాష్‌విల్ దగ్గర గాలివానలో కూలిపోయాడు. అప్పటికి నలభై ఏళ్ళే. విడుదల కాని పాటలు, ట్రయల్‌గా పాడి ఉంచిన టేపులు చాలా మిగిలిపోయాయి. వాటి మీద కొత్తగా వయొలిన్లు, కోరస్ కలిపి ఏళ్ళ తరబడి ఆల్బమ్‌లు వేస్తూ వచ్చారు. దాన్నే ఓవర్‌డబ్ అంటారు. గ్రేటెస్ట్ హిట్స్ పేరుతో వచ్చే సెట్లలో అసలు రికార్డింగులూ ఇవీ కలిసిపోతాయి. అట్ట మీద రాయరు, రాసినా చీమ తలకాయంత అక్షరాల్లో రాస్తారు.

ఆ ఆడగొంతు ప్యాట్సీ క్లైన్‌ది. గొప్ప గాయని, అందులో సందేహం లేదు. ఆమె కూడా విమాన ప్రమాదంలోనే పోయింది, 1963 మార్చిలో. బతికుండగా ఇద్దరూ కలిసి ఆ పాట పాడలేదు. పాత టేపుల్లోంచి ఇద్దరి గొంతులూ విడదీసి, జత చేసి 1981లో అమ్మారు. దానికీ గ్రేటెస్ట్ హిట్స్ అనే పేరు! చనిపోయినవాళ్ళ చేత డ్యూయెట్ పాడించడం నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. పెన్‌డ్రైవ్‌లోంచి తీసెయ్యండి.

"హీల్ హావ్ టు గో" 1959 రికార్డింగే ఉందో లేదో ముందు చూసుకోండి. ఫ్లాయిడ్ క్రేమర్ పియానో, వెనక సన్నగా కోరస్, అంతే. ఒకడు ప్రియురాలికి ఫోన్ చేస్తాడు. ఆమె పక్కన ఇంకొకడు ఉన్నాడని తెలుసు. అయినా గొంతు పెంచడు. రికార్డుకి వెనక వైపున వేసిన పాట అది. రేడియోవాళ్ళు తిరగేసి వేశాక 1960లో కంట్రీ చార్టులో 14 వారాలు మొదటి స్థానంలో ఉంది.

కోరాపుట్ వయొలిన్:
గార్డు అంకుల్, మీ మాటకి అడ్డు చెప్తున్నానని కోప్పడొద్దు. ఓవర్‌డబ్‌లన్నీ తీసేస్తే "డిస్టెంట్ డ్రమ్స్" సంగతేంటి? సిండీ వాకర్ రాసిన ఆ పాటని ఆయన ఆమె కోసం డెమోగా పాడి ఉంచాడు. వెనక వాయిద్యాలు ఆయన పోయాకే కలిపారు. 1966లో బ్రిటన్‌లో 5 వారాలు నంబర్ వన్. బీటిల్స్ రాజ్యమేలుతున్న రోజుల్లో! మా తాతగారు రేడియో సిలోన్‌లో విని నేర్చుకున్న పాట కూడా అదే. నేను వయొలిన్ నేర్చుకున్నదాన్ని కాబట్టి పక్షపాతం ఉందనుకోండి, కానీ ఆ తీగలు పాటకి ఏం చెడు చేశాయో నాకు అర్థం కాదు. డ్యూయెట్ విషయంలో మాత్రం మీతోనే ఉన్నాను.

బల్లార్‌షా గిటార్:
అసలు ఇది కంట్రీయేనా అన్నా? పల్లె బాణీ ఫిడిల్ లేదు, స్టీల్ గిటార్ లేదు. 1953 నాటి "మెక్సికన్ జో" వినండి, అది కంట్రీ! గొంతెత్తి హుషారుగా పాడాడు. ఆ తర్వాత నిద్రపుచ్చడమే. మా చంద్రపూర్ వైపు నేను వాయించే పార్టీల్లో ఈయన్ని ఎవరూ అడగరు.

రాయగడ రిటైర్డ్ గార్డు:
గిటార్ తమ్ముడూ, ఆ హుషారుతోనే ఆగిపోయి ఉంటే పర్లాకిమిడి దాకా వచ్చేవాడు కాదు. 1957లో "ఫోర్ వాల్స్" దగ్గర మారాడు. పెదాలు మైక్‌కి ఆనేంత దగ్గరగా పెట్టి, గొంతు తగ్గించి పాడాడు. చెట్ అట్కిన్స్ లాంటి నిర్మాత వెనక నిలబడ్డాడు కాబట్టి సాగింది. అంతకుముందు రేడియోలో అనౌన్సర్‌గా చేసినవాడు, మైక్ ఎలా వాడాలో తెలుసు. ఉచ్చారణ కూడా అంతే, ప్రతి మాటా విడివిడిగా వినిపిస్తుంది. ఇంగ్లీషు అంతంతమాత్రం వచ్చిన మాలాంటివాళ్ళం పట్టుకున్నది అందుకే. వేగంగా పాడేవాళ్ళ పాటలు మాకు ఒక్క ముక్క అర్థమయ్యేవి కావు.

కోరాపుట్ అమ్మా, "డిస్టెంట్ డ్రమ్స్" ఉంచుకోమను. అది లేకపోతే నాకూ తోచదు.

పర్లాకిమిడి మైక్‌సెట్:
గార్డు గారూ, చాలా సంతోషం. రాత్రి షాపు కట్టేశాక అన్నీ మళ్ళీ విన్నాను. నాకు తట్టింది చెప్తాను. 1964కి ముందువి హారన్‌లో పెట్టినా మాట తెలుస్తోంది, ఎందుకంటే వెనక పెద్దగా ఏమీ లేదు. వయొలిన్లు ఎక్కువైన పాటల్లో హారన్ ఆ తీగల్నే ముందుకు తోసి ఆయన్ని మింగేస్తోంది. ఆయనది బాగా కింది గొంతు, హారన్‌కి ఆ కింది స్వరాలు పలకవు. ఇంట్లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినేవాళ్ళకి కోరాపుట్ చెల్లెమ్మ చెప్పింది సబబే కావచ్చు. నేను మైదానంలో నాలుగు వందల మందికి వినిపించాలి.

అందుకని రెండు ఫోల్డర్లు చేశాను. ఒకదాంట్లో పాత రికార్డింగులు, హారన్ కోసం. రెండోదాంట్లో "డిస్టెంట్ డ్రమ్స్"తో సహా వయొలిన్లవి, రిసెప్షన్లలో బాక్సులకి. డ్యూయెట్ డిలీట్ చేశాను. మా ఆవిడకి అదే నచ్చింది, ఆవిడ ఫోన్‌లో వేసుకుంది, ఏటి చెయ్యమంటారు!

క్రిస్మస్‌కి ఈ హిట్స్ సెట్ సరిపోతుందా? ఇందులో "సైలెంట్ నైట్" లేదు.

రాయగడ రిటైర్డ్ గార్డు:
సరిపోదు. "ట్వెల్వ్ సాంగ్స్ ఆఫ్ క్రిస్మస్" అని 1963 ఆల్బమ్ విడిగా ఉంది, "సైలెంట్ నైట్", "సిల్వర్ బెల్స్" అందులో దొరుకుతాయి. అది ఆయన బతికుండగా వచ్చింది కాబట్టి మొత్తం ఎక్కించు. ఆరాధనకి ముందు వేయడానికైతే 1962 నాటి "వి థాంక్ దీ" భక్తిపాటలు బాగుంటాయి. రాత్రి 10 తర్వాత హారన్ పెట్టకూడదు కదా, పెద్దవాళ్ళు అడిగే పాటలు సాయంత్రమే వేసెయ్యి. కుర్రాళ్ళకి వంతు ఇచ్చావంటే మళ్ళీ నీ చేతికి రాదు.