ఆస్టరిస్క్ ఫోన్ ఎక్స్ఛేంజ్ సాఫ్ట్‌వేర్‌లో ఇద్దరు ప్రొవైడర్లు, రెండు రేట్ల పట్టికలు: ఎలా అమర్చాలి?

తీగలపని:
నంబరును బట్టి ఎవరి రేటు తక్కువైతే కాల్ వారి మీదుగా వెళ్లాలి. రాత్రి రేట్లు వేరు. పైగా నా లెక్కకూ వారి బిల్లుకూ పొంతన కుదరడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

పెంగ్విన్‌బాట:
ముందు బిల్లు సంగతి. సీడీఆర్‌లో, అంటే ప్రతి కాల్ వివరాలూ నమోదయ్యే చోట, డ్యూరేషన్ చూడకండి, అందులో రింగు మోగినంతసేపూ కలుస్తుంది. బిల్‌సెక్ చూడండి. అవతలివారు ఫోను ఎత్తినప్పటి నుంచే లెక్క.

డయల్‌టోన్:
అన్నిసార్లూ కాదు. డయల్‌ప్లాన్‌లో (కాల్ ఎలా నడవాలో రాసే ఫైలులో) డయల్ ఆదేశానికి ముందు ఆన్సర్ వరుస, అంటే మన వైపే కాల్ ఎత్తే ఆదేశం, ఉంటే బిల్‌సెక్ అక్కడి నుంచే మొదలవుతుంది. ముందుమాట వినిపించాలని ఆ వరుస పెట్టి, ఆనక ప్రొవైడర్‌ను తిట్టేవాళ్లు ఎందరో. ప్రోగ్రెస్ ఆదేశం వాడి, ప్లేబ్యాక్‌కు నోఆన్సర్ జోడిస్తే కాల్ ఎత్తకుండానే ముందుమాట వినిపిస్తుంది.

పెంగ్విన్‌బాట:
ఆయన ఆన్సర్ వాడుతున్నట్టు ఎక్కడ రాశారు? ప్రతి చర్చలోనూ మీది ఇదే పాట.

డయల్‌టోన్:
ప్రతి చర్చలోనూ ఇదే తప్పు కనిపిస్తోంది కనుక. బిల్లింగ్ వ్యవస్థలు కట్టడమే నా వృత్తి. డయల్‌ప్లాన్ చూడకుండా తీర్పు చెప్పింది మీరు.

పల్సులెక్క:
మీ తగవులో పల్సు, అంటే సెకన్లను ఎన్నేసి చొప్పున లెక్కగడతారన్న ఊసే లేదు! మొదటి అంకె కనీస సెకన్లు, రెండోది ఆ తర్వాత పెరిగే మెట్టు. 61 సెకన్ల కాల్‌కు 60/60 పద్ధతిలో 120 సెకన్లు కట్టాలి, 30/6లో 66, 1/1లో 61. నా ప్రొవైడర్ ఆ షరతును రేట్ల పట్టిక అడుగున చిన్న అక్షరాల్లో పెట్టాడు. పొట్టి కాల్స్ ఎక్కువగా ఉండే మాకు చౌక రేటే గుదిబండ అయింది.

ప్రిఫిక్స్‌ప్రియ:
రేటు వెతికేటప్పుడు పొడవైన ప్రిఫిక్స్‌కే (నంబరు మొదట్లోని అంకెలకే) ప్రాధాన్యం ఇవ్వండి. 7 రష్యాది, 77 కజకిస్థాన్‌ది. 1876 జమైకా, దాన్ని అమెరికా రేటుకు లెక్కేస్తే నష్టమే.

పాతకాపు:
డయలప్ రోజుల్లో ఇంటర్నెట్‌కు కలిపే కేపీపీపీ ప్రోగ్రాం ఎంత హాయి! వారంలో ఏ రోజుల్లో, ఏ గంటల మధ్య ఎంత రేటో ఒక చిన్న ఫైలులో రాస్తే ఖర్చు కళ్లముందే కదిలేది.

పెంగ్విన్‌బాట:
అది మోడెం లెక్క, ఇక్కడ పనికిరాదు. మొదటి ప్రొవైడర్ దగ్గర కంజెషన్ (లైన్ల రద్దీ) లేదా చాన్‌అనవైల్ (లైను అందుబాటులో లేదు) అని వస్తేనే రెండోవారికి పంపండి. బిజీ వస్తే ఆపేయండి, అవతలివారు మాట్లాడుతున్నట్టే.

తీగలపని:
రాత్రి రేట్ల మాట ఎవరూ ఎత్తలేదు.

ప్రిఫిక్స్‌ప్రియ:
సమయాన్ని బట్టి కాల్ దారి మార్చే గోటూఇఫ్‌టైమ్ ఆదేశం వాడండి. అందులో టైమ్ జోన్ కూడా ఇవ్వవచ్చు. ప్రొవైడర్ ఏ జోన్ ప్రకారం బిల్లు వేస్తాడో అదే రాయండి, మీ సర్వర్‌ది కాదు.