మద్యం మానిన అన్నయ్యకు అశ్వగంధారిష్టం పడలేదు, నిద్రకు ఏం చేయాలి?

మాది పర్లాకిమిడి. అన్నయ్యకు 46 ఏళ్లు. మద్యం మాని నేటికి 23 రోజులు. చేతుల వణుకు మొదటి వారంలోనే తగ్గింది. ఆసుపత్రిలో ఇచ్చిన డైసల్ఫిరామ్ (మద్యం తాగితే ఒంటికి పడకుండా చేసే మందు) 250 మిల్లీగ్రాముల మాత్ర రోజూ ఉదయం వేసుకుంటున్నారు. నిద్ర మాత్రం లేదు. రాత్రి 2 గంటలకు లేచి, తెల్లవారే దాకా వరండాలో తిరుగుతున్నారు.

పాతపట్నంలో ఒక ఆయుర్వేద వైద్యుడు నిద్రకని అశ్వగంధారిష్టం 20 మిల్లీలీటర్లు, సమానంగా నీళ్లు కలిపి తాగమన్నారు. మొదటి మోతాదు తాగిన కాసేపటికే అన్నయ్య ముఖం కందగడ్డలా ఎర్రబడింది, గుండె దడ పుట్టింది. భయంతో సీసా తిప్పి చూశాను. పులిసేటప్పుడు దానంతటదే పుట్టే ఆల్కహాల్ 5 నుంచి 10 శాతం ఉంటుందని చిన్న అక్షరాల్లో ఉంది! ఆసవాలు, అరిష్టాలు అన్నీ ఇలా పులియబెట్టినవేనని అప్పుడే తెలిసింది. ఆ మాత్రతో ఇది అస్సలు పనికిరాదని ఆసుపత్రి డాక్టరు గట్టిగా చెప్పారు. కాలేయ పరీక్ష మళ్లీ చేసే దాకా చూర్ణాలు కూడా వద్దన్నారు.

ఖర్జూరం, ఎండుద్రాక్ష, దానిమ్మ అప్పటికప్పుడు నలిపి చేసిన మంథం (చల్లని పానీయం) ఇస్తే వికారం తగ్గింది, నిద్ర రాలేదు. పడుకునే ముందు అరికాళ్లకు నువ్వుల నూనె పది రోజులుగా నేనే రాస్తున్నాను. గంటసేపు కునుకు, అంతే.

ఇక లోపలికి ఏ మందూ ఇవ్వదలచుకోలేదు. డైసల్ఫిరామ్ వాడుతూ శిరోధార (నుదుటిపై నూనె ధారగా పోయడం) గానీ తక్రధార (నూనెకు బదులు మజ్జిగ) గానీ చేయించుకున్నవారు ఉంటే, ఎన్ని రోజులకు నిద్ర కుదిరిందో చెప్పగలరా?