నాయనమ్మ సంవత్సరీకానికి వేస్తున్న పుస్తకంలో ఆమె సరదాలు కూడా రాయవచ్చా?

ప్రశ్న: చిక్కడపల్లి మనుమరాలు

మా నాయనమ్మ క్రోధి నామ సంవత్సరం మాఘ మాసంలో, తొంభై రెండేళ్లు నిండాక కాలం చేశారు. రానున్న మాఘంలో సంవత్సరీకం. ఆనాడు భోజనాలకు వచ్చే బంధువులకు ఆమె జీవితం గురించి ఒక చిన్న పుస్తకం పంచాలని ఇంట్లో అనుకున్నారు. రాసే బాధ్యత నాకు అప్పగించారు.

ఆమె భక్తి గురించి రాయడం కష్టం కాదు. తెల్లవారుజామున లలితా సహస్రనామం, ఏకాదశి ఉపవాసం, కార్తికంలో తులసికోట దగ్గర దీపం, ఇవి చివరి సంవత్సరం దాకా సాగాయి. చిక్కంతా ఆమె అల్లరితోనే వచ్చింది. శివరాత్రి జాగారానికి వాడకట్టులోని ఆడవాళ్లందరినీ పోగుచేసి, అభిషేకం అయిపోగానే రమ్మీకి కూర్చోబెట్టేవారు. ఎవరు ఎంత బాకీ ఉన్నారో పంచాంగం వెనక అట్ట లోపల పెన్సిలుతో రాసి, ఉగాదికి కొత్త పంచాంగం రాగానే ఆ పద్దులు అందులోకి ఎక్కించేవారు. కృష్ణాష్టమి నాడు అష్టోత్తరం చదువుతూ, పళ్లెంలోని వెన్న మీద ఏ పిల్లవాడి చెయ్యి పడబోతున్నదో ఓరకంట చూసి, సరిగ్గా ఆ క్షణానికి ‘నవనీత నవాహారాయ నమః’ అంటూ పువ్వును కృష్ణుడి మీద కాకుండా వాడి నెత్తి మీద వేసేవారు. వరుస తప్పేది కాదు, గొంతులో నవ్వూ వినిపించేది కాదు.

అసలు తగాదా చిలుకూరు సంగతి దగ్గర వచ్చింది. అందరూ వీసా రావాలని బాలాజీని మొక్కుకుంటే, ఈమె మా అన్నయ్యకు వీసా రాకూడదని మొక్కి 11 ప్రదక్షిణలు చేశారు. వాడికి వీసా వచ్చింది. ‘స్వామి నా మాట వినలేదు, వాడి మాట విన్నాడు. ఎవరి మాట విన్నా బాకీ బాకీయే కదా’ అంటూ, అంకెలు అచ్చువేసిన కాగితం మీద ఒక్కొక్క గడి కొట్టుకుంటూ 108 ప్రదక్షిణలు తానే పూర్తిచేసి వచ్చారు. ఇది అచ్చులో ఉంటే తన అమ్మ పరువు పోతుందని మా పెద్దనాన్న అభ్యంతరం. ఇది లేకపోతే ఆ పుస్తకం ఎవరి నాయనమ్మ గురించైనా కావచ్చునని నా బాధ.

ఇంకొక సందేహం కూడా ఉంది. ఆమె ఆంగీరస కార్తికంలో పుట్టారని, 1948లో పోలీసు చర్య నాటికి కొత్త కోడలుగా హైదరాబాదులోని గౌలిగూడ చేరారని, అక్కడ ఏటా జరిగే ప్రదర్శన నుమాయిష్‌కు మాత్రం మొదటి ఏడాది నుంచీ ఒక్కసారి కూడా తప్పలేదని చెప్పేవారు. జనన ధ్రువపత్రం లేదు. వీటిని ఎంతవరకు నమ్మి రాయవచ్చు?

జవాబు: మల్కాజిగిరి నివాసి

ముందు మీ రెండవ సందేహానికి సమాధానం చెబుతాను. రోజూ సంకల్పంలో సంవత్సరం పేరు పలికే ఇళ్లలో పుట్టిన సంవత్సరం సాధారణంగా తప్పుగా గుర్తుండదు. ఆంగీరస అంటే 1932 ఉగాది నుంచి 1933 ఉగాది వరకు. కార్తికం కనుక 1932 నవంబరు ప్రాంతం. ఆ లెక్కన 1948 సెప్టెంబరు నాటికి ఆమెకు పదహారు నిండబోతున్నాయి. ఆ రోజుల్లో ఆ వయసుకు కాపురానికి రావడం మామూలే కాబట్టి రెండు మాటలూ ఒకదానితో ఒకటి పొసుగుతున్నాయి. అప్పటి ఇంటి ఖర్చుల చిట్టా ఏదైనా దొరికితే అందులోని రూపాయలు హాలీ సిక్కావా (నిజాం రూపాయి), కల్దారువా (బ్రిటిష్ ఇండియా రూపాయి) చూసి రాయండి, ఎందుకంటే నిజాం నాణేల చలామణి ఆ తరువాత కూడా కొన్నేళ్లు కొనసాగింది.

నుమాయిష్ విషయం మాత్రం నిలవదు. అది 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలైంది, నాంపల్లి మైదానానికి తరువాత వచ్చింది. మొదటి ఏడాదికి మీ నాయనమ్మ ఐదేళ్ల పిల్ల, మీరు చెప్పినదాన్ని బట్టి అప్పటికింకా నగరానికి రాలేదు. ఆ మాటను ఆవిడ మాటగానే, ఆవిడ గొంతుతోనే వేయండి. చదివినవాళ్లు లెక్క కట్టుకుని నవ్వుకుంటారు, ఆవిడకూ అదే ఇష్టమై ఉండాలి.

సహస్ర చంద్ర దర్శనం చేసి ఉంటే ఆ శుభలేఖ వెతకండి. పున్నమికీ పున్నమికీ మధ్య సగటున ఇరవై తొమ్మిదిన్నర రోజులు కనుక వెయ్యి పున్నములు నిండడానికి 80 ఏళ్ల 10 నెలలు పడుతుంది, అంటే మీ నాయనమ్మకు 2013లో. అయితే చాలా ఇళ్లలో అందరి వీలూ చూసుకుని కాస్త అటూ ఇటూగా చేస్తారు కాబట్టి, శుభలేఖ మీది తేదీ నుంచి వెనక్కి లెక్కించి పుట్టిన రోజు తేల్చవద్దు.

జవాబు: విశ్రాంత ఉపాధ్యాయుడు, సైదాబాద్

అమ్మా, మీ పెద్దనాన్నగారి మాటను పాతకాలపు పట్టుదల అని కొట్టిపారేయకండి. ఇంట్లో అందరి మధ్య అన్న మాట అచ్చులోకి ఎక్కితే దాని వెనక ఉన్న ముఖం కనిపించదు. ఆవిడను ఎరుగని కొత్త కోడళ్లు, వియ్యాలవారు ‘మనవడి మంచి కోరలేదా’ అని అనుకోగలరు. ఆయన భయం బహుశా అదే.

దానికి ఉపాయం ఆ కథను తీసివేయడం కాదు, సరైన చోట పెట్టడం. ముందు ఏకాదశులు, దీపాలు చెప్పండి, వాడిని ఆవిడ ఎలా పెంచారో చెప్పండి, ఆ తరువాత చిలుకూరు రానివ్వండి. మొక్కు తీరాక చేయవలసిన 108 ప్రదక్షిణలను, తీరని మొక్కుకు సైతం ఆ వయసులో కాళ్లీడ్చుకుంటూ చేసిన మనిషి భక్తిని ఎవరు శంకిస్తారు? నా మట్టుకు నాకు మీరు చెప్పినవాటిలో అంతకు మించిన భక్తి కథ కనబడలేదు. రమ్మీ బాకీల దగ్గర మాత్రం బతికి ఉన్నవారి పేర్లు రాయకండి. మీకు సరదాగా ఉన్నది వాళ్ల కోడళ్లకు ఆయుధం అవుతుంది.

మరొక మాట. ఆబ్దికం తిథిని బట్టి జరుగుతుంది కనుక పుస్తకం మీద తిథి, పక్షం, మాసం కూడా వేయండి. ఇంగ్లీషు తేదీ ఒక్కటే వేస్తే పై ఏడాది మీ పిల్లలు పంచాంగం పట్టుకుని తికమక పడతారు.

జవాబు: బోడుప్పల్ కోడలు

మగవాళ్లను అడిగితే మీకు పూజలే చెబుతారు. ఆమెతో బతుకమ్మ ఆడినవాళ్లను వెతికి పట్టుకోండి. మా అత్తగారు ఉయ్యాల పాటల్లో వరుసకు అక్కలైనవాళ్ల మీద అప్పటికప్పుడు చరణాలు కట్టేవారు. ఆమె పోయాక అవి ఎవరికీ పూర్తిగా రాలేదు, ఒకరికి మొదటి సగం, ఇంకొకరికి చివరి మాట. మీ నాయనమ్మ ఈడువాళ్లు ఇద్దరు ముగ్గురు ఉన్నా, పుస్తకం సంగతి పక్కన పెట్టి ముందు వాళ్ల గొంతులు ఫోనులో రికార్డు చేయండి.

తిరిగి చిక్కడపల్లి మనుమరాలు

అందరికీ నమస్కారాలు. సైదాబాద్ మాస్టారు చెప్పిన వరుసలో రాసి పెద్దనాన్నకు చదివి వినిపించాను. చిలుకూరు ఉండనివ్వమన్నారు. కృష్ణాష్టమి పువ్వు తన నెత్తి మీద కూడా పడిందని, అది మాత్రం చేర్చమని అడిగారు. పంచాంగం అట్ట ఫోటోకు ఇంకా ఒప్పుకోలేదు, ఎందుకంటే ఆ బాకీల పట్టికలో మొదటి పేరు మా పెద్దమ్మది. ఆదివారం మళ్లీ మాట్లాడతాము. గౌలిగూడలో ఆమెతో ఆడినవారు ఇద్దరు ఉన్నారని తెలిసింది, రేపు ఫోను పట్టుకుని వెళుతున్నాను.