సాదాసీదా సిరీస్‌లే టాప్‌ల ఎందుకుంటయి?

ప్రశ్న: హన్మకొండల ఎవ్వలింట్ల చూసినా అదే పోలీసు సిరీస్. బాగుందా అంటే "నడుస్తది" అంటరు. మంచియి కిందికి, గిసొంటియి నెట్‌ఫ్లిక్స్ టాప్ 10లకి. ఎట్ల లెక్కవెడ్తరు?

జవాబు 1: అన్నా, అది మెచ్చినోళ్ల లెక్క కాదు. నెట్‌ఫ్లిక్స్ 2023 జూన్ నుంచి మొత్తం చూసిన గంటలను నిడివితోని భాగించి వ్యూస్ అంటున్నది. 6 గంటల సిరీస్‌ను 6 కోట్ల గంటలు చూస్తే 1 కోటి వ్యూస్. సగంల ఆపినోళ్లు ఇద్దరు కలిస్తే ఒక వ్యూ. 2020ల అయితే ఇంకా అన్యాలం, 2 నిమిషాలు చూస్తే చాలు, లెక్కల వడేది!

జవాబు 2: చూసే తీరు కూడా చూడాలె. సంక్రాంతికి బట్ట మీద సకినాలు చుట్టేటోళ్ల కండ్లు పిండి మీదుంటయి, చెవులే టీవీ దిక్కు. సబ్‌టైటిల్ చదువుడు కాదు. తెలుగు డబ్బింగ్ ఉండి, పది నిమిషాలు తప్పినా కథ అర్థమయ్యేదే నడుస్తది. చెయ్యి నిండ పిండి, రిమోట్ ముట్టరు, తర్వాతి ఎపిసోడ్ దానంతటదే షురూ. గంటలు గట్లనే పెరుగుతయి.

జవాబు 3: ఎపిసోడ్లెక్కువుంటే నిమిషాల లెక్కల ఇంకా లాభం. 2019ల అయిపోయిన అమెరికా లాయర్ల సిరీస్ 'సూట్స్'ను 2023ల అమెరికాల 5,770 కోట్ల నిమిషాలు చూసిన్రని, ఎవరేం చూస్తున్నరో లెక్కవెట్టే నీల్సన్ కంపెనీ లెక్క. మొత్తం 134 ఎపిసోడ్లాయె.

తర్వాతి ఎపిసోడ్ దానంతటదే షురూ అయ్యుడు (ఆటోప్లే) వద్దంటే బ్రౌజర్ల నెట్‌ఫ్లిక్స్ అకౌంట్ తెరిచి, ప్రొఫైల్ ఎంచుకొని, ప్లేబ్యాక్ సెట్టింగ్స్‌ల తర్వాతి ఎపిసోడ్ టిక్ తీసి సేవ్ కొట్టాలె. ప్రతి ప్రొఫైల్‌కు వేరుగ చెయ్యాలె, చానమంది ఈడనే మర్చిపోతరు.