ఇచ్చోట "నే"... ఆ నే ఏమిటి?

పోలండ్‌లో ఉంటున్నా: నిన్న మిహ్న్యుఫ్ వెళ్లాం. కెల్త్సె నుంచి స్కార్జిస్కో వెళ్లే రైలు దారి పక్కన, అడవిని ఆనుకున్న చిన్న ఊరు. అడవిలోని పోలిష్ గెరిల్లా నాయకుడు పివ్నిక్ దళానికి అండగా ఉన్నారని 1943 జూలై 12న జర్మన్ పోలీసులు ఊరిని చుట్టుముట్టి, ఎక్కువగా మగవాళ్లను కొట్టాల్లో వేసి తగలబెట్టారు. ఆ రాత్రి దళం జర్మన్ల రైలు మీద దాడి చేస్తే, మర్నాడు మళ్లీ వచ్చి ఆడవాళ్లనీ పిల్లలనీ వదల్లేదు. మొత్తం 204 మంది. స్మారక భవనం మొదట్లో మామూలు ఇల్లులా ఉంటుంది, నడిచేకొద్దీ విరిగి విరిగి చివరికి మొండి కాంక్రీటే మిగులుతుంది. అక్కడ నిలబడగానే జాషువా శ్మశానవాటిక పద్యం "ఇచ్చోటనే సత్కవీంద్రుని" నోట్లోకొచ్చింది. ఆ "నే" అవధారణమే కదా, అంటే "ఇక్కడే" అని నొక్కి చెప్పడం?

వినుకొండవాసి: కాదండీ. ఇచ్చోటన్ + ఏ సత్కవీంద్రుని, అంటే ఇక్కడ ఏ కవిదో అని. నాలుగో పాదం చూడండి, "ఇచ్చోట నెట్టి" అని ఉంది, అంటే ఇచ్చోటన్ + ఎట్టి. పై మూడు పాదాల్లోనూ అదే తీరు. ఎవరిదో తెలియదు, వల్లకాడు పేరు చెప్పదు, పద్యం ప్రాణమంతా అందులోనే ఉంది.

రంగస్థలం: హరిశ్చంద్ర కాటి సీనులో ఆ "నే" మీద రాగం తీసి ఆగేవాళ్లు. పందిట్లో కూర్చున్న మాకందరికీ "ఇక్కడే" అనే వినబడింది. యాభై ఏళ్లుగా చెవిలో ఉన్న అర్థం తప్పంటే ఒప్పుకోలేను.

అక్షరం: మిహ్న్యుఫ్ ఏమిటి, నేను మిచ్నియోవ్ అని చదివాను.

పోలండ్‌లో ఉంటున్నా: వాళ్లకి సి, హెచ్ కలిస్తే హ. ఓ మీద గీత ఉంటే ఉ. చివరి డబ్ల్యూ ఫ.
వినుకొండవాసి గారూ, సంధి ఒప్పుకుంటున్నాను. కానీ మిహ్న్యుఫ్‌లో "ఏ" కుదరదు. చనిపోయినవాళ్ల పేర్లున్నాయి, తొమ్మిది రోజుల పసివాడి పేరుతో సహా. తగలబెట్టాక మళ్లీ ఇళ్లు కట్టకూడదు, పొలం దున్నకూడదు అన్నారు, అంటే ఆ చోటే లేకుండా చెయ్యాలని. అందుకే నాకు అక్కడ "ఇచ్చోటనే" కావాలి.

వినుకొండవాసి: మీకు కావలసింది వేరు, జాషువా రాసింది వేరు.

రంగస్థలం: మొదటి ముద్రణలో కలిపి ఉందా, విడిగానా? ఎవరి దగ్గరైనా ఉంటే ఆ పేజీ ఫొటో పెట్టండి.