చుక్కల సీతాకోకచిలుక కోసం కానరేగు మొక్క విశాఖలో ఎక్కడ దొరుకుతుంది?

అందరికీ నమస్కారం. మేం మధురవాడ వైపు ఉంటాం. రెండో తరగతి చదివే మా పాపకు ఫ్రిటిల్లరీ సీతాకోకచిలుకలంటే ప్రాణం. నారింజ రెక్కలు, వాటి మీద నల్ల మచ్చలు. చాలా రకాలకు వెనక రెక్కల అడుగున వెండి చుక్కలు. ముందు కాళ్లు మరీ పొట్టివి కావడంతో నాలుగు కాళ్ల మీదే నిలబడినట్టుంటాయి. ఆ మాట చెబితే పాప వెంటనే బొమ్మలో లెక్కపెట్టి చూసుకుంది!

యూరప్‌లో వీటిలో చాలావాటి గొంగళిపురుగులు వయొలెట్ అనే పూలమొక్క ఆకులు తింటాయి. మన దగ్గర వీటి బంధువు కామన్ లెపర్డ్ ఉంది. కంబాలకొండ అడవిలో గడ్డిచామంతి మీద మేం చూసింది అదే అనుకుంటున్నాను, ఒక్క క్షణం కుదురుగా వాలలేదు. కానీ టానీ కోస్టర్ అనే ఇంకో సీతాకోకచిలుక కూడా నారింజ రంగే. దాని రెక్కలు సన్నగా, పొడుగ్గా ఉంటాయి, వెనక రెక్క నల్ల అంచులో తెల్ల చుక్కలుంటాయి, నెమ్మదిగా ఎగురుతుంది. పిల్లలు సులువుగా పట్టుకునే తేడా ఇంకేదైనా ఉందా?

అసలు కావాల్సిన సాయం ఇది: కామన్ లెపర్డ్ గుడ్లు పెట్టే కానరేగు మొక్క ఇక్కడి నర్సరీల్లో దొరుకుతుందా? బాల్కనీ కుండీలో బతుకుతుందా? ముళ్ల గొంగళిపురుగు ఆకుపచ్చ ప్యూపాగా మారడం పాపకు దగ్గర నుంచి చూపించాలని నా ఆశ. అడవి నుంచి పురుగును తెచ్చి సీసాలో పెట్టడం మాత్రం నాకిష్టం లేదు. పెంచిన అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.